ఓదెలు కాక గీసిన గీత

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది. ముప్పై నాలుగేళ్ళు భూమి కింద పనిచేశాను, ఉంటే గింటే ముందు నాకే కనబడాలి కదా అనేవాణ్ణి. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. ఆ బాయిలో నేను చూసినవి ఎలుకలు, నీళ్ళు, పై అధికారుల కోపం. నాలుగోది ఏదీ చూడలేదు.

కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళను భయపెట్టే కథలు మా దగ్గర బోలెడుండేవి. మూసేసిన దారిలోంచి ఎవరో తట్టుతున్నారని, పేరు పెట్టి పిలుస్తున్నారని చెప్పేవాళ్ళు. పైన బరువు పడితే కర్ర దిమ్మెలు చేసే చప్పుడు అదని నాకు తెలుసు. ఆ దిమ్మెలు నిలబెట్టేది నేనే. రూఫు కూలకుండా కింద కర్రలు ఆనించే టింబర్‌మ్యాన్ పని నాది. కర్ర ఎందుకు మూలుగుతుందో తెలిసినవాడికి దయ్యంతో పనేముంది?

అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది. నా భార్య రాజవ్వ మాత్రం రోజూ పోరుతూనే ఉంది. "ఇంకెన్ని దినాలు నానబెడ్తవయ్యా, పప్పా అది? రాయరాదు" అంటుంది. కాబట్టి రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మూడేళ్ళ కింద నాకు గుండె ఆపరేషన్ అయింది. హైదరాబాదులో దవాఖాన వరండాలో కూర్చుని రాజవ్వ ఒక మొక్కు మొక్కింది. నేను బతికి ఇంటికొస్తే భద్రాచలం రాముడి కల్యాణానికి నడిచి వస్తానని. నాకు చెప్పింది మాత్రం నేను లేచి తిరుగుతున్నాక. ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పులే. బస్సులో పోదామంటే వినలేదు. "బతికింది నువ్వు, మొక్కింది నేను. నడుమ నీదేంది?" అంది. దారిలో ఒక్క అడుగు బండెక్కినా మొక్కు చెడినట్టేనని కూడా తేల్చేసింది.

మా గల్లీలోంచి తొమ్మిదిమందిమి జమయ్యాం. ఐదుగురం మగవాళ్ళం, నలుగురు ఆడవాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు సమ్మయ్య, నాతో బాయిలో పనిచేసినవాడు, నన్ను బావా అని పిలుస్తాడు, వాడు కూడా వస్తానన్నాడు. సామాన్లు మోయడానికి రహీం భాయ్ తన ట్రాలీ ఆటో తీసుకొస్తానన్నాడు. బాయి పని ఎరగని మనిషి, జీవితమంతా ఆటో నడిపాడు. కిరాయి మాట ఎత్తితే "రామయ్య దగ్గరికి పోయేటోళ్ల కాడ ఏం తీసుకుంట అన్నా, డీజిల్ పోయించున్రి చాలు" అన్నాడు.

దసరా నాడే ఎవరేం చెయ్యాలని పంచుకుంటే బసలు చూసే పని నా మీద పడింది. నాకు నోరెక్కువ, ఫోన్లో నంబర్లూ ఎక్కువ.

మంథని మీదుగా, భూపాలపల్లి మీదుగా, అడవి దాటి, గోదావరి పక్కనే మణుగూరు వైపు దిగే దారి అది. నడిచేవాళ్ళ కోసం వరసగా సత్రాలు కట్టిన దారి కాదు. పెద్ద ఊళ్ళలో లాడ్జీలుంటాయి, మిగతా చోట్ల మనుషులే దిక్కు. ఎండాకాలం కదా, తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరి పదింటికల్లా ఏదో ఒక నీడకు చేరాలి. పగలంతా పడుకుని సాయంత్రం మళ్ళీ నడవాలి. అంటే రోజుకు రెండు బసలు, పగటిది ఒకటి, రాత్రిది ఒకటి.

నెల రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగని మనిషి లేడు. భూపాలపల్లిలో పాత దోస్తు క్వార్టర్, ఒక ఊళ్ళో బడి, ఒక ఊళ్ళో రైతు వేదిక, ఇంకో చోట ఫంక్షన్ హాలు. ఒక ఊళ్ళో ఎవరికి ఫోన్ చేయాలో తెలియక కిరాణా కొట్టు బోర్డు మీది నంబరు ఎవరితోనో చెప్పించుకుని చేశాను. ఆ కొట్టు నడిపే ఆమె నా పేరు కూడా అడగలేదు. "భద్రాచలం పోయేటోళ్లకు జాగ లేదంటే మాకు మంచిగుంటదా అన్నా? రాండ్రి, మా ఇల్లున్నది" అంది. ఫోన్ పెట్టేశాక రాజవ్వను పిలిచి ఆ మాట రెండుసార్లు చెప్పాను.

ప్రతి చోటా నాలుగు సంగతులు అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాను. నీళ్ళున్నాయా, ఆడవాళ్ళకు బాత్రూం ఉందా, ఫ్యాను తిరుగుతుందా, రాజవ్వ మెట్లెక్కలేదు కాబట్టి కిందనే పడుకోవచ్చా. అన్నీ అడిగానని మురిసిపోయాను. ముప్పై నాలుగేళ్ళు రూఫు నమ్ముకుని బతికినవాణ్ణి, రూఫు సంగతి ఒక్క చోట కూడా అడగలేదు. బాయి మనుషులం అంతే. కింద ఉన్నంతసేపూ కళ్ళు పైనే ఉంటాయి. పైకొచ్చామంటే ఇక తల ఎత్తం. పైన ఆకాశమే కదా అని ధీమా.

ఇక్కడ ఓదెలు కాక గురించి చెప్పాలి.

నేను పనిలో చేరినప్పుడు మా సర్దార్ ఆయన. సర్దార్ అంటే షిఫ్టులో అందరికంటే ముందు పని జాగకు వెళ్ళి, గాలి చూసి, రూఫు చూసి, మనుషులు రావచ్చో లేదో తేల్చే మనిషి. ఎడమ అరచెయ్యి రూఫుకు ఆనించి, కుడిచేత్తో కట్టె పట్టి తట్టేవాడు. గట్టిగా ఉంటే టంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది, అరచేతికి అదురు తెలుస్తుంది. బాగుంటే పక్కన చాక్‌పీసుతో తారీఖు వేసి, కింద తన గుర్తుగా ఇంగ్లీషు "ఓ" ఒకటి రాసేవాడు. చదువు అంతంతే, సంతకం బదులు ఆ ఒక్క అక్షరమే. దానికి చివర కిందికి ఒక తోక లాగేవాడు. బాగా లేకపోతే ఇంటూ గీత గీసి కింద అదే "ఓ" రాసేవాడు. గీత ఉన్నచోట ఎవడూ అడుగు పెట్టకూడదు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. గుర్తు చూసినవాడు "చూసిన కాకా" అని గట్టిగా చెప్పాలి. అది వినందే పని మొదలు పెట్టనిచ్చేవాడు కాదు. తల ఊపితే ఒప్పుకోడు. చీకట్లో తలలు కనబడవు, గొంతే వినబడాలి అనేవాడు.

ఇరవై ఏడేళ్ళ కింద ఒకరోజు నా గొడ్డలి లోపల మరిచిపోయాను. తిరిగి వెళ్ళేసరికి అక్కడ గీత ఉంది. కొత్త గొడ్డలి, నాలుగడుగుల దూరంలో కనబడుతూనే ఉంది. ఏమవుతుందిలే అని వంగి దూరబోయాను. కాక వెనక నుంచి కాలర్ పట్టి గుంజి, అందరి ముందూ చెంప మీద ఒకటిచ్చాడు. నేను ఎదురు తిరిగాను, నోటికొచ్చింది అన్నాను. మేమింకా తిట్టుకుంటుండగానే ఆ జాగ మొత్తం కూలింది. గొడ్డలి ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

అందరూ కాకకు దండం పెట్టారు. నేను పెట్టలేదు. అప్పటికి నాకు పెళ్ళయి మూడు నెలలు. పదిమందిలో దెబ్బ తిన్నానని ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి ఆయనకు "చూసిన కాకా" అని చెప్పడం మానేశాను. తల ఊపేవాణ్ణి. విచిత్రం ఏమిటంటే, అందరి దగ్గరా గొంతు అడిగే మనిషి నన్ను మాత్రం ఏమీ అనలేదు. నేను తర్వాత షిఫ్టు మార్పించుకున్నాను. ఆయన రిటైరై మా ఇంటికి రెండు గల్లీల అవతలే ఉన్నా, దారిలో ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి. మొండితనం అంటే అదీ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఆపరేషన్ అయ్యాక ఆయన బత్తాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఐదు నిమిషాలు కూర్చున్నాడు. లేచేముందు పైకి చూసి, "లచ్చన్నా, ఈ మూలకు పెచ్చు లేస్తున్నది, చూపియ్యి" అని వెళ్ళిపోయాడు. నేను చూపించలేదు. రెండు నెలలకు ఆ పెచ్చు ఊడి పప్పు గిన్నెలో పడింది. రాజవ్వ ఆ సంగతి ఇప్పటికీ చుట్టాల ముందు చెప్తుంది.

మేము నడిచిన ఎండాకాలానికి ముందటి దీపావళికి కాస్త ముందు కాక చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. రాజవ్వ రెండుసార్లు వెళ్ళి చూసొచ్చింది. నేను రేపు రేపు అంటూ చివరికి పాడె మోయడానికి వెళ్ళాను.

ఇక నడక సంగతి.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పగటి బస ఒక బడిలో. వరండా స్తంభం మీద తలంత ఎత్తులో చాక్‌పీసుతో ఆ రోజు తారీఖు, కింద సున్నాలాంటి అక్షరం, దానికో తోక. బడిలో చాక్‌పీసు రాతలుంటాయి, వింతేముంది అనుకుని పడుకున్నాను.

నాలుగో రోజు భూపాలపల్లి దాటినాక ఒక గుడి పక్కన రేకుల షెడ్డులో బస. అక్కడ ఇనుప స్తంభం మీద మళ్ళీ అదే. ఆ రోజు తారీఖు, కింద "ఓ", కిందికి లాగిన తోక. ఈసారి ఆ తోకను వేలితో తడిమి చూశాను. అది బడి కాదు. అక్కడ చాక్‌పీసు పట్టుకునే వాళ్ళెవరూ లేరు.

సమ్మయ్య మీదే అనుమానం వచ్చింది. కాక కింద పనిచేసినవాడు, ఎగతాళి మనిషి. పక్కకు పిలిచి అడిగాను. వాడు స్తంభం చూసి ముఖం మాడ్చుకున్నాడు. "బావా, పొద్దటి సంది నీ పక్కపొంటి నడుస్తున్న. నేనెప్పుడు వచ్చి రాసిన? మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. నిజమే, వాడు నన్ను దాటి ముందుకు పోలేదు. మాకంటే ముందు వచ్చేది రహీం భాయ్ ఒక్కడే. ఆయనకు ఓదెలు కాక ఎవరో తెలియదు, సర్దార్ గుర్తు తెలియదు. అడిగితే "నాకు చాక్‌పీసెందుకన్నా, నేనేమన్న సార్‌నా" అని నవ్వాడు. ఆడవాళ్ళకు చెప్పొద్దని సమ్మయ్యకూ నాకూ మాట.

ఆరో రోజు అడవి దారి. ఆ పగటి బసకు ఒక ఊరిబయట పాత గోదాం మాట్లాడి పెట్టాను. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళకు మాట రాకూడదు. ఒకప్పుడు వడ్లు పెట్టిన గోదాం, పైన ఎత్తు తక్కువ స్లాబు, ఇప్పుడు ఊళ్ళో ఏదైనా కార్యం ఉంటే వాడుకుంటారు. దాని తాళం చూసుకునే మొండయ్య ఫోన్లోనే ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

ఆ రోజు రాజవ్వ పరిస్థితి బాగా లేదు. మడమలు పగిలి సాక్సులకు రక్తం అంటింది. చివరి రెండు మైళ్ళు నా భుజం పట్టుకునే నడిచింది. అంత నోరున్న మనిషి నోరు విప్పలేదు, దానికే నాకు భయమేసింది. ఆ గోదాంకు చేరితే చాలు, ఆరేడు గంటలు పడుకుంటే సాయంత్రానికి లేస్తుంది, లేకపోతే ఆటో ఎక్కించాల్సిందే అనుకున్నాను. ఎక్కిస్తే మొక్కు పోతుంది. అది ఆమెకు నా ఆపరేషన్ కంటే పెద్ద సంగతి.

పదిన్నరకు చేరాం. మొండయ్య లోపల భార్యతో ఊడిపించి, నీళ్ళు చల్లి, చాపలు పరిచి, రెండు కొత్త కుండల్లో నీళ్ళు పోసి ఉంచాడు. పైన పెద్ద ఫ్యాను తిరుగుతోంది. మాలో ముగ్గురు అప్పటికే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. నేను రాజవ్వను పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను.

గుమ్మం పక్కన గోడ మీద ఇంటూ గీత. కింద "ఓ". తోక.

తారీఖు లేదు.

రాజవ్వను గుమ్మం బయటే ఆపాను. లోపలున్నవాళ్ళను బయటికి రమ్మని కేకేశాను. నా గొంతు విని ఏదో పామనుకుని ఉరికొచ్చారు. సంగతి చెప్తే అందరికీ కోపమొచ్చింది. రాకేం చేస్తుంది, ఏడు గంటలు నడిచిన మనుషులు. చాక్‌పీసు గీత చూసి చల్లని జాగ వదిలే పిచ్చివాళ్ళు లోకంలో ఎక్కడైనా ఉంటారా?

సమ్మయ్య కూడా నా మాట కొట్టేశాడు. "బావా, ఇది పోలియో చుక్కలోళ్ల గీత. ఇంటింటికి గిట్లనే గీస్తరు. మా ఇంటి తలుపు మీద గూడ ఉన్నది" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. మా ఇంటి మీదా ఉంది.

రాజవ్వ గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. "ఏమయ్యా, నన్ను నడిపిస్తవా, చంపుతవా? నాతోని కాదు. ఈడనే పడుకుంట" అంది. కళ్ళలో నీళ్ళు. పెళ్ళయినప్పటి నుంచి నా ముందు ఆమె ఏడ్చింది రెండు మూడు సార్లే.

ఆమె ముఖం చూసి నేను సగం మెత్తబడ్డాను, ఒప్పుకుంటాను. ఏదో ఒక గీత, నా చాదస్తం అనుకున్నాను. నాలుగడుగుల దూరంలో చాపలు కనబడుతున్నాయి. అప్పుడు ఆ గొడ్డలి గుర్తొచ్చింది. అది కూడా నాలుగడుగుల దూరంలోనే ఉండింది.

రహీం భాయ్ ట్రాలీలో తాడు బిగించే కట్టె ఒకటుంది, అది తీసుకున్నాను. లోపల పాత బల్ల ఉంటే గుమ్మం దగ్గరికి లాక్కుని ఎక్కాను. ఎడమ అరచెయ్యి స్లాబుకు ఆనించి కట్టెతో తట్టాను. గుమ్మం పైన టంగుమంది. చెయ్యి చాచి అడుగు లోపలికి తట్టాను, టంగుమంది. ఇంకో అడుగు లోపలికి తట్టాను.

డొల్ల. కుండ మీద కొట్టినట్టు. అరచేతికి అదురు వచ్చింది.

కట్టె దించాను. చెప్పాల్సిన పని లేకపోయింది. సమ్మయ్య విన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆ చప్పుడు నమ్ముకుని బతికినవాడు. చప్పుడు చేయకుండా లోపలి నుంచి చాపలు, సంచులు ఒక్కొక్కటే గుంజి బయట పడేశాడు. ఫ్యాను స్విచ్చి ఆర్పాడు. మిగతావాళ్ళు వాటిని అందుకుని ట్రాలీలో పెట్టారు.

పాపం మొండయ్య ముఖం చిన్నబోయింది. ఇంత మర్యాద చేస్తే జాగ బాగలేదంటారా అనుకున్నాడో ఏమో. నేను చెయ్యి పట్టుకుని, "తమ్మీ, నీ తప్పు లేదు. బాయిల పనిచేసినోళ్లం, మాకు గీ రోగమున్నది" అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "అయితే మా ఇంటికి రాండ్రి, నూరడుగులు గూడ లేదు" అన్నాడు.

ఆ నూరడుగులు రాజవ్వ నడిచింది. ఎట్లా నడిచిందో ఆమెకే తెలియాలి. నేను ఎత్తుకుంటానంటే తోసేసింది.

మొండయ్య ఇంటి ముందు రెండు వేపచెట్లు. ఆయన భార్య మంచాలు వేసింది, పక్కిళ్ళ నుంచి ఇంకో నాలుగు మంచాలు వచ్చాయి. ఒకామె పసుపు, నూనె కాచి తెచ్చి రాజవ్వ మడమలకు రాసింది. ఒద్దంటున్నా వినకుండా అన్నం, పచ్చిపులుసు చేసి పెట్టారు. ఎవరం మేము వాళ్ళకు? ఏ జన్మలో చుట్టాలం? ఆ తల్లులను తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వాటంతటవే జోడవుతాయి.

భోజనాలయ్యాక మొండయ్య భార్య నీళ్ళిస్తూ మామూలుగా ఒక మాట అంది. "మీ పెద్దమనిషి తిన్లేదా? యాడికి పోయిండు?"

ఏ పెద్దమనిషి అన్నాను.

"పొద్దున వచ్చిండు గదా, ముసలాయన. తాళం తీసి నేను ఊడుస్తుంటే వచ్చిండు. కట్టెతోని పైకి తట్టుకుంట తట్టుకుంట లోపలంత తిరిగిండు. చెయ్యి గోడకు ఆనిచ్చి చూసిండు. భద్రాచలం పోయేటోళ్ల మనిషివా అంటె తల ఊపిండు. నీళ్ళిస్త ఉండుమన్న. తెచ్చేసరికి లేడు."

సమ్మయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎట్లా ఉన్నాడని నేను అడిగాను. సన్నగా ఉన్నాడు, మాటలేదు, దగ్గుతున్నాడు అంది. అంతకంటే ఎక్కువ ఆమె గమనించలేదు. గీత గురించి అడిగితే, ఊడ్చినప్పుడు చూడలేదు అంది.

మూడున్నర ప్రాంతంలో, ఎండ ఇంకా మండుతుండగానే, గోదాం వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఊరివాళ్ళు లారీ బోల్తా పడిందనుకుని ఉరికారు. సమ్మయ్యా నేనూ మంచాల మీది నుంచి లేవలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ చప్పుడు మాకు కొత్త కాదు.

తర్వాత వెళ్ళి చూశాం. స్లాబు మధ్యలో పెద్ద ముక్క, ఫ్యానుతో సహా, చాపలు పరిచిన చోట పడి ఉంది. రెండు కుండలూ నుగ్గునుగ్గు. రహీం భాయ్ ముందే దింపిన రాజవ్వ సంచి ఉన్న చోట మోకాలెత్తు శకలాలు. మొండయ్య అవి చూసి గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది. తొమ్మిదిమంది. నా నోట్‌బుక్కులో నా చేత్తో రాసుకున్న బస అది.

గుమ్మం వైపు గోడ చెక్కుచెదరలేదు. గీత అట్లాగే ఉంది. సమ్మయ్య దాన్ని ఫోన్లో ఫొటో తీశాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఇంటూ గీత బాగానే కనబడుతుంది. కింద అక్షరం దుమ్ములో అంత స్పష్టంగా లేదు. మేము చూస్తే "ఓ", మా అల్లుడు చూస్తే సున్నా. అబద్ధం ఆడను, ఫొటో చూసి ఎవరినీ నమ్మమని నేననలేను.

ఆ సాయంత్రం ఆరింటికి రాజవ్వ లేచి చెప్పులేసుకుంది. "నడువున్రి" అంది. మిగిలిన మూడు రోజులూ నడిచింది. ఏడో రోజూ, ఎనిమిదో రోజూ ప్రతి బస దగ్గర ముందు నేను గోడలన్నీ వెతికాను. ఒక్క గీత కూడా లేదు. కట్టె పట్టుకుని నేనే తట్టి చూసుకున్నాను.

కల్యాణం దూరం నుంచే చూశాం, పందిట్లో జనం మధ్య, పెద్ద తెర మీద. రాజవ్వ చేతులెత్తి నిలబడింది, మోకాళ్ళ నొప్పి యాదికి లేనట్టు. ఆమె ముఖం చూస్తే నాకు ఇంకేం చూడబుద్ధి కాలేదు. ముత్యాల తలంబ్రాల పొట్లాలు తీసుకుని బస్సెక్కాం.

ఇంటికొచ్చిన మర్నాడే రాజవ్వ ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. "పో, నువ్వే ఇచ్చి రా. నేను రాను" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

ఓదెలు కాక భార్యను మేము చిన్నమ్మ అంటాం. తలంబ్రాలు కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టింది. నేను మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.

"మీ కాక పాణం పోయే ముందల రాజవ్వ చూడొచ్చి చెప్పింది, ఎండకాలం గిట్ల నడుస్తమని, బసలు నువ్వు చూస్తవని. ఆమె పోయినంక మీ కాక రొప్పుకుంట అన్నడు బిడ్డా. వాడు అన్నీ అడుగుతడు గని పైకి చూడడు అన్నడు. మరి చెప్పి పంపకపోయినవా అన్న. చెప్తె వాడు వినడు, గీత చూస్తడు అన్నడు."

మళ్ళీ ఆమే అంది. "అంగి జేబుల చాక్‌పీసు ముక్క ఉండెడిది ఎప్పటికి. కాటికి పోంగ గూడ తియ్యనియ్యలే నేను. ఉండనియ్యిమన్న."

నేను ఆ మాటలకు అర్థం వెతకను. పోలియోవాళ్ళ గీత కావచ్చు. ఆ దారిలో బాయి మనుషులకు కొదవ లేదు, ఎవరో రిటైరైన సర్దార్ పొద్దున్నే అటు వచ్చి అలవాటు కొద్దీ తట్టి చూసి ఉండవచ్చు. తర్వాత భూపాలపల్లి, మణుగూరు దోస్తులందరికీ ఫోన్ చేసి అడిగాను, అట్లాంటి మనిషి దొరకలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

చిన్నమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గోడకు కాక ఫొటో, దానికి దండ. మొక్కుబడికి దండం పెడదామని లేచి నిలబడ్డాను. అలవాటు కొద్దీ తల ఊపబోయాను. ఊపలేదు. చీకట్లో తలలు కనబడవు కదా.

లోపల చిన్నమ్మకు కూడా వినబడేంత గట్టిగా, ఇరవై ఆరేళ్ళ తర్వాత చెప్పాను.

"చూసిన, కాకా."